రివర్బ్, ఛానల్ స్విచ్ ఒకేసారి ఆగిపోతే ముందు చూడాల్సింది 16 వోల్టుల సప్లై

మీ వాల్వ్ (గాజు ట్యూబుల) గిటార్ యాంప్‌లో కాసేపు వాయించాక రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) మాయమవుతోందని, ఫుట్‌స్విచ్ తొక్కినా డ్రైవ్ (గరగరలాడే ధ్వని) ఛానల్‌కి మారడం లేదని, క్లీన్ ఛానల్ మాత్రం బాగానే పలుకుతోందని రాశారు. వాల్వులన్నీ కొత్తవి వేయించినా ఫలితం లేదన్నారు. దయచేసి ఇక వాల్వుల మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. రివర్బ్‌ని నడిపే ఓప్-ఆంప్ (సిగ్నల్‌ని పెంచే ఐసీ), ఛానల్ మార్చే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) చాలా యాంపుల్లో వేరే చిన్న పవర్ సప్లై మీదే నడుస్తాయి. సంబంధం లేనట్టు కనిపించే రెండు పనులు ఒకేసారి ఆగాయంటే ఆ సప్లైనే అనుమానించాలి.

నా 40 వాట్ల కాంబో (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది)కి అచ్చం ఇదే వచ్చింది. చూపించిన చోటల్లా వాల్వులు మార్చమనే చెప్పారు. అందులో చిన్న సప్లై సుమారు 60 వోల్టుల డీసీతో మొదలవుతుంది. ప్లస్ వైపు ఒకటి, మైనస్ వైపు ఒకటి 470 ఓమ్‌ల 5 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు ఉంటాయి. వాటి తర్వాత జీనర్ డయోడ్లు వోల్టేజిని 16 దగ్గర నిలబెడతాయి. అంటే ఒక్కో రెసిస్టర్ మీద దాదాపు 44 వోల్టులు పడుతున్నాయి, నాలుగు వాట్లకు పైగా వేడి పుడుతోంది. రెసిస్టర్ దాన్ని తట్టుకుంటుంది గానీ బోర్డుకి ఆనుకుని బిగించి ఉంటే కింద సోల్డర్ తట్టుకోలేదు. నా బోర్డు ఆ చోట ముదురు గోధుమ రంగుకి తిరిగింది. రెసిస్టర్ కాలి చుట్టూ సోల్డర్‌లో వెంట్రుకంత సన్నటి గుండ్రటి పగులు, టార్చ్ పక్క నుంచి వేస్తే తప్ప కనపడలేదు. చల్లగా ఉన్నప్పుడు అతుక్కునే ఉంటుంది, వేడెక్కితే విడిపోతుంది. మీ రివర్బ్ కాసేపయ్యాకే పోతోందంటే కారణం ఇదే కావచ్చు.

యాంప్ విప్పే ముందు ఒక్క మాట, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ చిన్న సప్లై పక్కనే 400 వోల్టులకు పైగా ఉంటాయి. ప్లగ్ పీకేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి. తగిన వాటేజి రెసిస్టర్ గుండా ఖాళీ చేసి, సున్నాకి వచ్చిందని మీటర్‌తో చూసుకున్నాకే చేయి పెట్టండి. ఆన్‌లో కొలిచేటప్పుడు నల్ల ప్రోబ్‌ని క్లిప్‌తో ఛాసిస్‌కి తగిలించి ఒక్క చేత్తోనే కొలవండి. ఇది అలవాటు లేకపోతే తెలిసినవాళ్లను పక్కన పెట్టుకోండి.

మీ యాంప్‌లో టీఎల్072 రకం 8 కాళ్ల ఓప్-ఆంప్ ఐసీ ఉంటే 8వ పిన్ మీద ప్లస్, 4వ పిన్ మీద మైనస్ రావాలి. నా యాంప్‌లో అవి 16 వోల్టులు. ఒక వైపు లేదంటే ఆ వైపు రెసిస్టర్ రెండు చివరలూ కొలవండి. ముందు 60 ఉండి తర్వాత సున్నా అయితే రెసిస్టర్ తెగిందో, సోల్డర్ విడిపోయిందో, జీనర్ షార్ట్ అయిందో. జీనర్ షార్ట్ అయితే 60 వోల్టులూ రెసిస్టర్ మీదే పడి ఏడు వాట్లు దాటుతుంది, కాసేపట్లోనే వాసన వస్తుంది. సున్నా కాకుండా రెండు మూడు వోల్టులే ఉంటే ఏదో ఐసీయో కెపాసిటరో లాగేస్తోందని అర్థం. 16 కంటే బాగా ఎక్కువ వస్తే వెంటనే ఆపేయండి. జీనర్ తెగిపోయింది, టీఎల్072 ప్లస్ మైనస్ 18 దాటితే ఓర్చుకోదు. రీడింగ్ వస్తూ పోతూ ఉంటే ఎండిన వెదురు పుల్లతో రెసిస్టర్‌ని మెల్లగా కదపండి. నాది అలా కదిపినప్పుడే రిలే టిక్కుమంది.

రిపేరు చవకే. కొత్త రెసిస్టర్లను 7 లేదా 10 వాట్లవి తీసుకుని, కాళ్లు పొడవుగా ఉంచి బోర్డుకి ఓ సెంటీమీటరు ఎత్తులో బిగించండి. పాత సోల్డర్ పూర్తిగా తీసేయండి, దాని మీదే మళ్లీ పోస్తే నిలవదు. కాలు అతికే రాగి ప్యాడ్ లేచిపోయి ఉంటే చిన్న వైరు వేసి బోర్డు మీది రాగి ట్రాక్‌కి కలపండి. జీనర్లు కూడా 16 వోల్టుల 5 వాట్లవి కొత్తవి వేయడం మంచిది. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి.

ముందు ఆ రెండు పిన్‌ల రీడింగులు, యాంప్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, రివర్బ్ పోయాక ఒకసారి తీసి రాయండి. ఏ వైపు పోయిందో చూసి చెప్తాను.