ఎస్ఓడీ2 కణాన్ని ఎలా కాపాడుతుంది? పెంచుకుంటే ఇంకా మంచిదా?

కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ఉండే ఎస్ఓడీ2 (సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ 2) ప్రోటీన్ కణాన్ని ఆక్సీకరణ దెబ్బ నుంచి ఎలా కాపాడుతుంది, దాన్ని పెంచే మాత్రలు వేసుకోవచ్చా అని అడిగారు. పీహెచ్‌డీలో నా పనంతా దీని చుట్టూనే తిరిగింది కాబట్టి ఆ అనుభవంతో చెబుతున్నాను.

శక్తి తయారయ్యేటప్పుడు ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరలో చేతులు మారుతూ చివరికి ఆక్సిజన్‌ను చేరతాయి, అది నీరవుతుంది. దారిలో కొన్ని జారిపోతాయి. అలా జారిన ఒక్క ఎలక్ట్రాన్ ఆక్సిజన్‌కు తగులుకుంటే సూపరాక్సైడ్ పుడుతుంది. ఇది వెళ్లి అకోనిటేజ్ లాంటి ఎంజైముల్లోని ఇనుము-గంధకం గుత్తుల్ని చెడగొడుతుంది, ఇనుము ఊడి బయటపడుతుంది. తర్వాతి గొడవంతా ఆ ఇనుముతోనే.

సూపరాక్సైడ్‌కు రుణావేశం ఉంది కాబట్టి లోపలి పొరను సులువుగా దాటలేదు. బయట సైటోప్లాజంలో ఇదే పని చేసే ఎస్ఓడీ1 అనే ఎంజైము ఎంత ఉన్నా లోపల పుట్టినదాన్ని అందుకోలేదు. అందుకే ఎస్ఓడీ2 లోపలే ఉండాలి. దీని జన్యువు మాత్రం కేంద్రకంలో, మనుషుల్లో 6వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ప్రోటీన్ బయట తయారై, తన మొదట్లో ఉన్న చిరునామా లాంటి చిన్న ముక్క సాయంతో లోపలికి చేరుతుంది, చేరాక ఆ ముక్క తెగిపోతుంది. అక్కడ నాలుగు ప్రోటీన్లు ఒక జట్టుగా కలుస్తాయి, ఒక్కోదానిలో ఒక మాంగనీస్ ఉంటుంది. ఆ మాంగనీస్ ఒక సూపరాక్సైడ్ నుంచి ఎలక్ట్రాన్ తీసుకుని ఇంకోదానికి ఇస్తుంది. మొదటిది మామూలు ఆక్సిజన్ అవుతుంది, రెండోది హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది.

మా ల్యాబ్‌లో ఎస్ఓడీ2ను తగ్గించిన కణాలు మామూలు రోజుల్లో బాగానే పెరిగేవి, చూస్తే పెద్ద తేడా తెలిసేది కాదు. కాస్త మెనడియోన్ అనే రసాయనం వేసి సూపరాక్సైడ్‌ను పెంచితే మాత్రం అసలు సంగతి బయటపడేది: పొడవాటి దారాల్లా ఉండే మైటోకాండ్రియా తునకలై గుండ్రటి చుక్కలుగా మారేవి. సూపరాక్సైడ్‌ను చూపించే మైటోసాక్స్ అనే రంగు వేస్తే ఆ చుక్కలే ఎర్రగా మెరిసేవి. ఈ రంగు మోతాదు ఎక్కువైతే కేంద్రకం కూడా ఎర్రబడుతుంది, కాబట్టి ఇలాంటి ఫొటోలు కనిపిస్తే వెంటనే నమ్మకండి. ఇక జంతువుల్లో తేడా ఇంత మెత్తగా ఉండదు. ఈ ప్రోటీన్ అసలే లేకుండా పుట్టించిన ఎలుకల గురించి 1995లో ఒక పరిశోధన వచ్చింది. అవి గుండె కండరం దెబ్బతిని 10 రోజుల్లోపే చనిపోయాయి.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఎస్ఓడీ2 చేసేది సగం పనే. అది వదిలిన పెరాక్సైడ్‌ను పెరాక్సిరెడాక్సిన్3, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు నీరుగా మార్చాలి. అవి అందుకోలేకపోతే, పెరాక్సైడ్ ఆ వదులుగా తిరిగే ఇనుముతో కలిసి దేన్నైనా దెబ్బతీసే హైడ్రాక్సిల్ రాడికల్ అవుతుంది. దాన్ని ఆపే ఎంజైమే లేదు. కాబట్టి ఎస్ఓడీ2 ఒక్కదాన్నే పెంచి లాభం లేదు, వెనకవాళ్లు కూడా ఉండాలి.

మాత్రగా మింగిన ఎస్ఓడీ కడుపులో మామూలు ప్రోటీన్‌లాగే అరిగిపోతుంది, మైటోకాండ్రియా దాకా వెళ్లే ప్రశ్నే లేదు. వ్యాయామం చేస్తే కండరాల్లో ఎస్ఓడీ2 దానంతటదే పెరుగుతుంది. అయితే 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో వ్యాయామంతో పాటు విటమిన్ సి, ఇ ఎక్కువ మోతాదులో వేసుకున్నవాళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. మాంగనీస్ మాత్రలైతే డాక్టర్ చెప్పకుండా అసలే వద్దు. లోపం చాలా అరుదు, ఎక్కువైతే మెదడుకే చేటు.