ప్రాగ్‌లో తొలిరోజు రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

చెక్ రాజధాని ప్రాగ్ గురించి నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. పొద్దున ట్రామ్ ఎక్కింది మొదలు రాత్రి గదికి చేరి కాళ్ళు చాపుకునే దాకా చూసినవన్నీ వరసగా రాశావు. కోట, కేథడ్రల్, చార్లెస్ వంతెన, పాత గడియారం, ఒక్కోదానికి ఒక పేరా. ప్రతి పేరాలోనూ కట్టిన సంవత్సరం, ఎత్తు, చివర్లో ‘చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు’. తప్పులేమీ లేవు. కానీ ఆ పేరాలను అటూ ఇటూ మార్చి పేర్చినా చదివేవాళ్ళకు తేడా తెలియదు. నాకు బాధనిపించింది అదే. ఎందుకంటే ఆ రోజంతా నువ్వు నడిచింది ఒకే కథ మీద. అది మాత్రం నీ వ్యాసంలోకి రాలేదు.

ముందు ట్రామ్ సంగతి. టికెట్ కొన్నావు గానీ ఎక్కాక దాన్ని పసుపుపచ్చ మెషిన్‌లో పెట్టి స్టాంపు వేసుకోవాలని తెలియక టెన్షన్ పడ్డావు. పక్కనున్న ముసలావిడ నీ చేతిలో టికెట్ తీసుకుని తనే పెట్టి ఇచ్చింది. దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేశావు. కేథడ్రల్ 1344లో మొదలై 1929లో గానీ పూర్తికాలేదని చెప్పడానికి అరపేజీ ఖర్చుపెట్టావు. ఆ అరపేజీని ఆ ముసలావిడకు ఇవ్వు. ఆమె ఏమీ మాట్లాడలేదా? నవ్విందా, విసుక్కుందా? కేథడ్రల్ లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి. ఆమె నీ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు.

ఇంకో మాట. కోటకు వెళ్ళడానికి నువ్వెక్కింది 22 నంబరు ట్రామ్. ఆ లైను చివరి స్టాపు బీలా హోరా, అంటే తెల్లకొండ. ఆ పేరు గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తాను.

కోటలో పాత రాజభవనంలో ఒక గది కిటికీ చూశానని రాశావు. ‘ఇక్కడి నుంచే అధికారులను కిందికి తోశారట’ అని వదిలేశావు. 1618 మే 23న ప్రొటెస్టెంట్ ప్రభువులు కొందరు ఆ గదిలోకి దూసుకొచ్చి, కేథలిక్కైన హాబ్స్‌బర్గ్ వంశపు రాజు తరఫున పాలన చూస్తున్న ఇద్దరినీ వాళ్ళ కార్యదర్శినీ ఆ కిటికీలోంచి పడేశారు. సుమారు 20 మీటర్ల ఎత్తు. ముగ్గురూ బతికారు. మేరీమాత కాపాడిందని కేథలిక్కులు, పెంటకుప్ప మీద పడ్డారని ప్రొటెస్టెంట్లు చెప్పుకున్నారు. ఐరోపాను నాశనం చేసిన ముప్ఫై ఏళ్ళ యుద్ధం ఆ కిటికీ దగ్గరే అంటుకుంది. రెండేళ్ళ తర్వాత, 1620 నవంబరులో, ఊరి బయట తెల్లకొండ మీద ఆ ప్రొటెస్టెంట్ల తిరుగుబాటు సైన్యం రాజు సైన్యం చేతిలో చిత్తుగా ఓడిపోయింది. నువ్వెక్కిన ట్రామ్ నిన్ను దింపేసి వెళ్ళింది అటువైపే.

తర్వాత నువ్వు వంతెన మీదుగా పాత ఊళ్ళోకి వెళ్ళావు. వంతెన చివర ఉన్న బురుజు ఫొటో ఒకటే పంపావు. నది వైపు నుంచి తీసింది. గోడ బోసిగా ఉంది చూడు. అదే బురుజు కింది నుంచి అవతలికి వెళ్ళి వెనక్కి తిరిగితే వంతెన కట్టించిన రాజు నాలుగో చార్లెస్, అతని కొడుకు, మధ్యన సెయింట్ వైటస్ శిల్పాలతో నిండుగా ఉంటుంది. నది వైపున్న అలంకారం 1648లో స్వీడన్ సైన్యం ఫిరంగి దెబ్బలకు పోయింది. కిటికీ దగ్గర మొదలైన యుద్ధం చివరి పోరు ఆ వంతెన మీదే జరిగింది. ఒకే బురుజుకు రెండు ముఖాలు ఎందుకున్నాయో చెబితే చాలు, ముప్ఫై ఏళ్ళూ అందులో ఉన్నాయి.

చివరికి పాత ఊరి చౌక్. అందరిలాగే నువ్వూ గంట కొట్టే వేళకు గడియారం ముందు నిలబడి ఫోన్ పైకెత్తావు. గడియారం చేసిన హనుష్ కళ్ళు పొడిపించారన్న కథ గైడ్ చెప్పాడని రాశావు. కథ ఉంచు, కానీ గైడ్ నోటితోనే చెప్పించు. ఆ గడియారం 1410 నాటిది, చేసింది కాదాన్ ఊరి మికులాష్ అని పక్కనే రాయి.

అక్కడి నుంచి మూల తిరిగితే, టౌన్‌హాల్ తూర్పు గోడ ముందు, రాళ్ళు పరిచిన నేల మీద తెల్లటి శిలువ గుర్తులు ఉంటాయి. ఇరవై ఏడు. తెల్లకొండ ఓటమి తర్వాత, 1621 జూన్ 21న అక్కడ 27 మంది తిరుగుబాటు నాయకులను చంపారు. వాళ్ళ పేర్లు గోడ మీద పలకలో ఉన్నాయి. పన్నెండుమంది తలలను తీసుకెళ్ళి నువ్వు ఫొటో తీసిన ఆ బురుజుకే వేలాడదీశారు. దాదాపు పదేళ్ళు అలాగే ఉంచారు.

ఆ ఇరవై ఏడుగురిలో యాన్ యెసెనియస్ అనే వైద్యుడున్నాడు. 1600లో ప్రాగ్‌లో బహిరంగంగా శవపరీక్ష చేసి చూపించినవాడు, తర్వాత విశ్వవిద్యాలయానికి రెక్టర్ అయినవాడు. 1601లో ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహే చనిపోతే, ఆ చౌక్‌నే చూస్తూ నిలబడ్డ టీన్ చర్చిలో సంతాప ప్రసంగం చేసింది ఇతనే. టైకో సమాధి ఇప్పటికీ ఆ చర్చిలోనే ఉంది. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే అదే చర్చి ఎదురుగా యెసెనియస్ నాలుక కోసి, తల నరికారు. ఇది చదివినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. మాట్లాడటమే వృత్తిగా బతికిన మనిషి అతను. నీ వ్యాసంలో ఒక్క మనిషికే చోటుంటే ఇతనికివ్వమంటాను.

దీన్నంతా పట్టుకొచ్చి సంవత్సరాల వరసలో పెట్టెయ్యకు. నీ రోజు ఎలా నడిచిందో అలాగే నడవనీ: ట్రామ్, కిటికీ, బురుజు, శిలువలు. మొదట్లో అర్థంకాని బోసిగోడకు, ట్రామ్ మీది ఊరిపేరుకు జవాబు చౌక్‌లో దొరకాలి. అక్కడ నిలబడ్డప్పుడు ఇవన్నీ నీకు తెలిసినట్టు కూడా రాయొద్దు. శిలువల మీద నుంచి ఐస్‌క్రీమ్ తింటూ దాటిపోయి ఉంటే అదే రాయి, తెలిసింది తర్వాతనని చెప్పు. తొలిరోజు కంటికి ఏమీ తెలియదు, అందుకే అన్నీ పడతాయి. చూసిందాన్ని ఆ రాత్రే డైరీలో ఎక్కించుకోవాలి. చదవాల్సింది ఇంటికొచ్చాక చదువుకోవచ్చు. ఈ రెండూ కలిసిపోకుండా చూసుకో.

గడియారం ఎలా పనిచేస్తుందో రాసిన భాగం తీసెయ్. చాక్లెట్ షాపు కూడా. కాళ్ళ నొప్పులు ఉండనీ, ఆ రాళ్ళ వీధుల్లో నడిచినవాళ్ళందరికీ అవి తెలుసు.

బురుజు అవతలి వైపు ఫొటో నీతో వచ్చినవాళ్ళ ఫోన్లలో ఉందేమో అడుగు. టీన్ చర్చి లోపలికి వెళ్ళావా లేదా అన్నది కూడా ఎక్కడా రాయలేదు. తలుపు మూసి ఉంటే మూసి ఉందనే రాయి. తిరగరాసింది దసరా లోపు పంపు, ప్రత్యేక సంచికకు అడుగుతున్నారు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు