సెలవుల్లో పని గంటలు పెరిగితే ఆయమ్మ జీతం ఎలా లెక్కకట్టాలి?

ప్రశ్న: మేమిద్దరం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. మా ఏడేళ్ల పాపను చూసుకోవడానికి ఒకామె మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 7 దాకా వస్తుంది. ఆదివారం సెలవు. నెలకు 15,600 ఇస్తున్నాం. వేసవి సెలవుల్లో మాత్రం ఉదయం 9కే రమ్మంటాం. దసరాకు, మే నెలలో పది రోజులు మేం ఊరెళ్తే ఆమెకు పనే ఉండదు. దానికీ దీనికీ చెల్లు అంటారు మావారు. కూతురి ఫీజు కోసం ఆమె 30,000 అడ్వాన్సు కూడా తీసుకుంది. అది తీరేదాకా మానకూడదని రాయించుకోవచ్చా?

జవాబు: అడ్వాన్సు సంగతి ముందు చెబుతాను. మీరు చిక్కుల్లో పడేది అక్కడే. అప్పు తీరేదాకా పని మానకూడదనే షరతు మిమ్మల్ని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం పరిధిలోకి తీసుకెళ్తుంది. మూడేళ్ల దాకా జైలు, 2,000 దాకా జరిమానా ఉన్న నేరమది. ఆమె ఇష్టపడే సంతకం చేసిందన్నా నిలవదు. నెలకు ఇంత చొప్పున జీతంలో మినహాయించుకుంటామని రాసుకోండి. మధ్యలో మానేస్తే మిగిలింది మామూలు చేబదులు బాకీ, అంతే. ఆధార్ కార్డో, సర్టిఫికెట్లో మీ బీరువాలో పెట్టుకుని ఉంటే ఈరోజే తిరిగి ఇచ్చేయండి.

ఇక జీతం. ఇంటిపనివారికంటూ దేశమంతటికీ ప్రత్యేక చట్టం లేదు. అలాంటిది అవసరమేమో పరిశీలించమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లోనే ఇంటిపనిని కనీస వేతనాల చట్టం కిందికి తెచ్చింది. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కనీస వేతనంలో కలిసే కరువు భత్యం ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది. మీరిచ్చేది ప్రస్తుత రేటుకు తగ్గలేదని కార్మిక శాఖ ఆఫీసులో ఒకసారి చూసుకోండి.

మీవారి 'చెల్లు' లెక్క మాత్రం కుదరదు. మీరు ఊరెళ్లడం మీ నిర్ణయం. ఆ పది రోజులకు ఆమెకు వేరే ఇల్లెవరిస్తారు? ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చున్న నెలలో మీ జీతం ఆగదు కదా, ఇదీ అంతే. ఆ రోజులకు పూర్తి జీతం ఇవ్వండి. సంక్రాంతికి ఆమే సెలవు అడిగితే అది వేరే విషయం. ఏడాదికి ఎన్ని రోజులు జీతంతో ఇస్తారో ముందే అనుకోండి.

వేసవి లెక్క చూద్దాం. రోజుకు 6 గంటలు, నెలకు 26 రోజులు, అంటే 156 గంటలు. గంటకు 100 పడుతోంది. ఉదయం 9 నుంచి రాత్రి 7 అంటే 10 గంటలు. వేతన చట్టాల్లో మామూలు పనిదినం దాటితే రెట్టింపు అన్నది ఎప్పటినుంచో ఉన్న సూత్రం. మీరు 8 గంటలను హద్దుగా పెట్టుకోండి. అదనపు నాలుగు గంటల్లో మొదటి రెండింటికి 200, తర్వాతి రెండింటికి 400. రోజుకు 600 ఎక్కువ. నెలంతా వస్తే జీతం సరిగ్గా రెట్టింపై 31,200 అవుతుంది. గుండె ఝల్లుమందా? వేసవిలో ఓ రెండు వేలు ఎక్కువిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ ఆమె చేసేది కూడా దాదాపు రెండింతల పనే. అంత భరించలేమనుకుంటే గంటలు తగ్గించండి. పొద్దున పాపను సమ్మర్ క్యాంపుకు పంపి, ఆమెను 11కు రమ్మంటే రెట్టింపు రేటు గొడవే ఉండదు. నెలకు 20,800తో సరిపోతుంది. సెలవులు కదా అని ఆదివారం కూడా రమ్మనకండి.

నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది, కానీ రేపు గొడవొస్తే ఎవరి మాట వారిదే. తెలుగులో ఒక పేజీ రాసి, ఆమెకు చదివి వినిపించి, చెరో కాపీ ఉంచుకోండి. స్కూలు రోజుల గంటలు, సెలవుల గంటలు, అదనపు రేటు, మానేయాలంటే ఎవరైనా ఎన్నాళ్ల ముందు చెప్పాలి, ఇవన్నీ అందులో ఉండాలి. జీతం 7వ తేదీలోపు ఫోన్‌పేలోనో, బ్యాంకులోనో వేయండి. వేసవి టైమింగ్ మార్పు కనీసం నెల ముందు చెప్పండి. ఆమెకూ ఇంట్లో పిల్లలున్నారు, వాళ్లకూ అప్పుడే సెలవులు.