గేజీలో ముల్లు దిగేవరకు బండి కదపవద్దు

మిర్యాలగూడ

చిరంజీవి కుమారునికి పెద్దనాయన ఆశీర్వదించి వ్రాయునది.

అసిస్టెంట్ లోకో పైలట్‌గా శిక్షణ ముగించుకొని గూడ్సు బండ్లకు వస్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుండి నీకు ఒక్క విషయం రాయాలని మనసు కొట్టుకుంటున్నది.

గాలి బ్రేకు సంగతి నీవు చదువుకున్నదే. బండి పొడవునా సాగే పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల గాలి ఒత్తిడి ఉన్నంతసేపు బ్రేకులు వదిలి ఉంటాయి. ఒత్తిడి తగ్గగానే ప్రతి వ్యాగన్ తన సొంత రిజర్వాయరులోని గాలితో బ్రేకు వేసుకుంటుంది కాబట్టి, పైపు తెగితే బండి తనంతట తానే ఆగుతుంది. అయితే నడుమ ఒక కాక్ (పైపును మూసి తెరిచే పిడి) మూసి ఉంటే దాని వెనుక గాలి ఎక్కడిదక్కడే నిలిచిపోతుంది, నీవు బ్రేకు వేసినట్టు ఆ వ్యాగన్లకు తెలియనే తెలియదు. 1988లో పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషనులో 56 మంది ప్రాణాలు పోవడానికి ఒక ముఖ్య కారణం ఇలా పొరపాటున మూసిన కాక్.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక సిమెంటు కర్మాగారం సైడింగులో (పక్క పట్టాల మీద) రాత్రిపూట ఇంజన్ విప్పి, షంటింగ్ చేసి, తిరిగి అదే రేకుకు, అంటే అదే వ్యాగన్ల వరుసకు తగిలించినాము. ఇంజన్ గేజీలో 5 కిలోలు ఉన్నది, వెనుక నుండి గార్డు 4.8 అని వాకీటాకీలో చెప్పినాడు. రెండు అంకెలూ సరిగ్గానే ఉన్నాయి బిడ్డా, స్టేషను వాళ్లు త్వరపెడుతున్నారు కూడా. అయినా గార్డును తన బ్రేకు వ్యాన్‌లో గాలి వదలమన్నాను. వదిలినానని ఆయన రెండుసార్లు చెప్పినా నా ముందు ముల్లు వెంట్రుకవాసి కదలలేదు. టార్చితో దిగి చూస్తే మొదటి వ్యాగన్ యాంగిల్ కాక్ పిడి పైపుకు అడ్డంగా ఉన్నది. వెనుక గేజీ చూపించింది ఇంజన్ విప్పకముందు నింపిన పాత గాలి. పిడిని పైపు వెంబడి తిప్పిన తరువాత మళ్లీ వదలమంటే ముల్లు దిగింది, అప్పుడు కదిలినాము.

అందువల్ల గేజీల అంకెలు కలిసినంత మాత్రాన కంటిన్యూటీ టెస్టు, అంటే ఇంజన్ నుండి చివరి వ్యాగన్ దాకా గాలి అడ్డు లేకుండా పోతున్నదో లేదో చూసే పరీక్ష, అయినట్టు కాదు. నీవు తగ్గించినది గార్డుకు కనిపించాలి, గార్డు తగ్గించినది నీకు కనిపించాలి. ఇంజన్ మార్చినా, ఒక్క వ్యాగన్ తీసినా తగిలించినా, హోస్ పైపు విప్పి బిగించినా ఇదంతా మొదటి నుండి చేయవలసిందే. బ్రేకులు తనిఖీ చేసి ఇచ్చే బ్రేకు పవర్ సర్టిఫికెట్ చేతిలో ఉన్నది కదా అని దీన్ని వదలకు. ఆ కాగితం రాసినప్పుడు తెరిచి ఉన్న కాక్‌ను తరువాత ఎవరైనా మూసి ఉండవచ్చు. బయలుదేరినాక కూడా వేగం పెరగకముందే ఒకసారి బ్రేకు వేసి, బండి ఎట్లా పట్టుకుంటున్నదో ఒంటితో తెలుసుకో.

నిలిపి దిగేటప్పుడు గాలిని అసలే నమ్మవద్దు, అది మెల్లగా కారిపోతుంది. హ్యాండ్ బ్రేకులు బిగించి, చక్రాల కింద చెక్కలు పెట్టు. 2024 ఫిబ్రవరిలో జమ్ము కాశ్మీర్‌లోని కఠువాలో నిలిపిన గూడ్సు బండి మనిషి లేకుండానే దాదాపు 70 కిలోమీటర్లు పోయింది.

ఎవరైనా త్వరపెడితే విసుక్కోకుండా, "కంటిన్యూటీ ఇంకా కాలేదు" అని వాకీటాకీలో స్పష్టంగా చెప్పు. అవతల గార్డు కూడా ఆ మాట వింటాడు.

మీ పెద్దనాయన