అరచేతి కారు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న (విశాఖపట్నం): 1:24 (అసలు కారులో 24వ వంతు) ప్లాస్టిక్ కారు కిట్ బాడీకి స్ప్రే డబ్బాతో నల్ల లాకర్ (తొందరగా ఆరే మెరుపు రంగు) కొట్టాను. పది నిమిషాల్లో పొగమంచు పట్టినట్టు తెల్లబడిపోయింది. డబ్బాలో రంగు పాడైందా?

జవాబు: రంగు బాగానే ఉంది, తప్పు గాలిలోని తడిది. లాకర్‌లోని ద్రావకం చాలా తొందరగా ఆవిరవుతుంది, ఆవిరవుతూ బాడీ వేడిని లాగేస్తుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. అలా చల్లబడిన పొర మీద గాలిలోని తేమ దిగి, ఆరుతున్న రంగులో చిక్కుకుంటుంది. మీరు చూసిన మసక అదే. తెల్ల రంగు మీద ఇది వచ్చినా కంటికి ఆనదు, నలుపు మీద మాత్రం దాక్కోలేదు.

ఇప్పటికి బాడీని గీకకండి, కడగకండి. పొడిగా ఉన్న రోజు చూసి, అదే రంగును చాలా పల్చగా ఇంకో పూత కొట్టండి. కొత్త ద్రావకం కింది పొరను కాస్త మెత్తబరిస్తే చిక్కుకున్న తేమ బయటికి పోతుంది. చాలాసార్లు మసక అక్కడితో విడిపోతుంది. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చల్లే చిన్న గన్ను) ఉంటే, ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ కలిసిన లాకర్ థిన్నర్‌ను ఉత్తగా, మంచు రాలినట్టు చల్లినా చాలు. తడిసి కారేంత కొడితే గీతలూ మూలలూ కరిగి గుండ్రబడతాయి.

ఇకముందు జాగ్రత్తల విషయానికొస్తే, గదిలో తేమ చూపించే చిన్న మీటరు ఒకటి కొనండి. 65 శాతం లోపు ఉంటే నిశ్చింతగా కొట్టండి, 75 దాటితే డబ్బా పక్కన పెట్టేయండి. వానాకాలంలో సముద్రపు ఊళ్లో ఇది రోజుల తరబడి ఎదురుచూపే. ఆ రోజుల్లో ఇంజనూ సీట్లూ కుంచెతో వేసుకోవచ్చు. చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: బాడీని ఏసీ గదిలో ఆరబెట్టి, అలాగే బాల్కనీలోకి తెచ్చి రంగు కొడతారు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు ఆ బాడీకీ పడుతుంది. బయటి వేడికి అరగంట అలవాటు పడనివ్వండి.

స్ప్రే డబ్బాను గోరువెచ్చటి నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచితే లోపలి ఒత్తిడి పెరిగి రంగు సన్నగా వస్తుంది. చేయి హాయిగా పెట్టగలిగే వేడి చాలు, పొయ్యి దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి. బాడీకి 20-25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, బాడీకి బయట మొదలుపెట్టి బయటే ఆపండి. మొదటి రెండు పూతలు కింది ప్రైమర్ కనబడేంత పల్చగా, పది నిమిషాల ఎడంతో వేయాలి. మూడోది కాస్త తడిగా వేయండి. దూరం ఎక్కువైతే చుక్కలు గాలిలోనే ఆరిపోయి గరుకుగా దిగుతాయి. పూత మందంగా ఉండి సర్దుకునేలోపే ఆరితే నారింజ తొక్కలా గుంటలు పడతాయి. ఈ రెంటినీ 2000 నంబరు వాటర్ పేపరుతో (తడిపి రుద్దే సన్నటి గరుకు కాగితం) సబ్బునీళ్లలో తేలిగ్గా రుద్ది, ఆపైన రుబ్బింగ్ కాంపౌండుతో పాలిష్ చేసి దారికి తేవచ్చు. దానికి రంగు పూర్తిగా గట్టిపడాలి, అంటే కనీసం వారం. బాడీని ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన వస్తోందా? అయితే ఇంకా ఆరలేదు.

ప్రశ్న (విజయవాడ): కిటికీ అద్దాలు ఫెవిక్విక్‌తో అంటించాను. తెల్లారేసరికి లోపలివైపు బూజు పట్టినట్టయింది.

జవాబు: ఆ జిగురు ఆరేటప్పుడు వదిలే ఆవిరి, మూసి ఉన్న బాడీలో తిరిగి తిరిగి అద్దం మీదే గడ్డకట్టింది. గాలిలో తేమ ఉంటే ఇది ఇంకా ముదురుతుంది. అద్దం బయటికి వస్తే మెత్తటి గుడ్డ మీద పాలిషింగ్ కాంపౌండు కొద్దిగా తీసుకుని రుద్దండి, మసక పై పొరే కాబట్టి పోతుంది. కొత్తగా అంటించేటప్పుడు తెల్ల ఫెవికాల్‌ను అగ్గిపుల్లతో అంచుల్లో మాత్రమే పెట్టండి. ఆరాక దాదాపు కనిపించదు, ఎక్కువైనది తడిగుడ్డతో తుడుచుకుపోతుంది.

ప్రశ్న (హైదరాబాద్): హాట్ వీల్స్ లోహపు బొమ్మ కార్లు విప్పి రంగు మార్చి, రబ్బరు చక్రాలు వేయాలని ఉంది. అడుగున స్క్రూలు లేవు. ఎలా విప్పాలి?

జవాబు: అడుగున రెండు గుండ్రటి రివెట్లు కనబడతాయి కదా, అవి బాడీ లోపలినుంచి దిగిన స్తంభాల తలలు. తల మధ్యలో మేకుతో చిన్న గుంట కొట్టండి. ఇది మానేస్తే డ్రిల్ బిట్ జారి అడుగు పలక మీద గీత పడుతుంది. 3 మిల్లీమీటర్ల బిట్‌తో నెమ్మదిగా తొలిస్తే తల ఉంగరంలా ఊడి వస్తుంది, అక్కడే ఆపేయండి. ఇంకా లోతుకు పోతే స్తంభమే పోతుంది.

మళ్లీ బిగించడానికి చాలామంది జిగురు వాడతారు. అది తప్పని కాదు గానీ, ఇంకోసారి విప్పాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. స్తంభం మధ్యలో 1.6 మిల్లీమీటర్ల బిట్‌తో 5 మిల్లీమీటర్ల లోతు రంధ్రం చేసి, ఎం2 (2 మిల్లీమీటర్ల స్క్రూకు మర కోసే) ట్యాప్‌తో మర తీయండి. కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి, సగం తిప్పు ముందుకు, పావు తిప్పు వెనక్కి. స్తంభం జింకు మిశ్రమం, మెత్తగా ఉంటుంది. పొడి లోపల ఇరుక్కున్నప్పుడు బలవంతం చేస్తే ట్యాప్ విరిగి అందులోనే ఉండిపోతుంది, దాన్ని తీయడం దాదాపు అసాధ్యం.

పాత రంగు తీయాలంటే ముందు ప్లాస్టిక్ భాగాలన్నీ పక్కన పెట్టండి. చేతికి తొడుగులు వేసుకుని, ఆరుబయట పెయింట్ రిమూవర్ రాసి పది పదిహేను నిమిషాలు వదిలితే రంగు ముడతలు పడి లేస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో తోమి, సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. జింకు మీద మామూలు రంగు సరిగా పట్టుకోదు, గోరు తగిలినా పెచ్చులు లేస్తుంది. అందుకే లోహానికి పనికొచ్చే, దాన్ని కాస్త కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ తప్పనిసరి. రబ్బరు చక్రాలు కొనేముందు ఒకే ఇరుసుకున్న ఎడమ చక్రం బయటి అంచునుంచి కుడి చక్రం బయటి అంచుకు వెర్నియర్‌తో కొలవండి. కొత్త ఇరుసు ఒక మిల్లీమీటరు పొడుగైనా చక్రం ఫెండర్ దాటి బయటికి వస్తుంది.

ప్రశ్న (కర్నూలు): ఇంట్లో ప్లాస్టిక్ అంబాసిడర్ బొమ్మ ఉంది. దాన్ని పాతకాలపు ప్రభుత్వ కారులా మార్చాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కొలత టేపుతో. బొమ్మ కార్లమీద రాసే స్కేలును నమ్మకండి, కొన్నిటి మీద అసలు రాయరు. అసలు కారులో ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 2464 మిల్లీమీటర్లు. మీ బొమ్మలో అదే దూరం కొలిచి, 2464ను దానితో భాగించండి. కొలత 70 మిల్లీమీటర్లు వస్తే మీది సుమారు 1:35. ఇక మీరు చేర్చే ప్రతిదీ ఈ లెక్కలోనే ఉండాలి. 500×120 మిల్లీమీటర్ల నంబరు ప్లేటు 14×3.4 అవుతుంది. 15 అంగుళాల రిమ్ము 11 మిల్లీమీటర్ల కన్నా చిటికెడు తక్కువ వస్తుంది. బొమ్మల్లో చక్రాలు సాధారణంగా ఉండాల్సినదానికన్నా లావు, మొదట మార్చాల్సినవి అవే.

బొమ్మ ఎర్ర ప్లాస్టిక్‌దైతే దాని మీద తెలుపు వేసిన కొన్నాళ్లకు గులాబీ ఛాయ పైకి తేలుతుంది. ప్రైమర్ కింద వెండి రంగు ఒక పూత వేస్తే ఆగుతుంది. స్వచ్ఛమైన తెలుపు వాడితే బొమ్మ బొమ్మలాగే ఉంటుంది. ఇరవై చుక్కల తెలుపుకు ఒక చుక్క క్రీమ్ కలపండి. నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచిన టిష్యూ ముక్కను వెనక సీటు మీద పరిచి, తడిగా ఉండగానే మడతలు దిద్దితే తెల్ల టర్కీ తువ్వాలు సిద్ధం. ఆ తువ్వాలు లేని ఆఫీసరు కారు ఎక్కడైనా ఉందా?

ఏ కాలపు కారో ముందే నిర్ణయించుకోండి. పశ్చిమ బెంగాల్ ఉత్తరపారాలోని ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. అదే ఏడాది జూన్ దాకా హైదరాబాద్ ప్లేటు మీద ‘ఏపీ 09’ లాంటివి, ఆ తర్వాత రిజిస్టరైన బళ్లకు ‘టీఎస్’, 2024 నుంచి ‘టీజీ’. పైన ఎర్రలైటు పెడితే బండి 2017 మే 1కి ముందుది కావాలి, ఆ రోజునుంచే తీసేశారు. ఎర్రలైటూ టీజీ ప్లేటూ ఒకే కారు మీద పెడితే చూసినవాళ్లు ముందు అదే పట్టుకుంటారు.

ప్రశ్న (గుంటూరు): కిట్‌లో బంపర్లకు క్రోమ్ మరీ మెరిసిపోతోంది. తీసేయొచ్చా?

జవాబు: బట్టల బ్లీచ్ నీళ్లు కలపకుండా గిన్నెలో పోసి ముంచితే నిమిషాల్లోనో, మొండిదైతే కొన్ని గంటల్లోనో పోతుంది. ఆ గిన్నెలో బాత్రూం యాసిడ్ చుక్క కూడా పడకూడదు, విషవాయువు వస్తుంది. మళ్లీ క్రోమ్ కావాలంటే కింద నిగనిగలాడే నలుపు వేసి, రెండు రోజులు ఆరాక క్రోమ్ రంగు పల్చగా వేయండి. తీయకుండా ఉంచేస్తే, అతికే చోట మాత్రం క్రోమ్ గీకేయండి. ప్లాస్టిక్ సిమెంట్ ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది, క్రోమ్ పొర అడ్డుంటే పట్టుకోదు.

ప్రశ్న (డాలస్, అమెరికా): సెలవులకు వచ్చేటప్పుడు తమ్ముడికి స్ప్రే రంగులు తేవచ్చా?

జవాబు: వద్దండి. మండే స్ప్రే డబ్బాలు, లాకర్, థిన్నర్ విమానంలో చేతిసంచిలోనూ చెల్లవు, చెక్-ఇన్ సామానులోనూ చెల్లవు. పల్చటి ప్లాస్టిక్ సిమెంట్‌కూ ఇదే వర్తిస్తుంది. డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు), వాటర్ పేపర్లు, సన్నటి డ్రిల్ బిట్లు, 0.3 మిల్లీమీటర్ల వైరు తెండి. 1:24లో స్పార్క్ ప్లగ్గు వైర్లకు ఆ మందమే సరిపోతుంది. రంగు ఇక్కడి ఆటోమొబైల్ దుకాణంలో కొనుక్కోమనండి. అయితే బాడీ మీద కొట్టేముందు కిట్ ఫ్రేములో మిగిలిన ముక్క మీద ప్రయత్నించాలి. కార్ల స్ప్రేలలో కొన్ని ప్లాస్టిక్‌ను కొరుకుతాయి. పది నిమిషాల తర్వాత ముక్క మీద ముడతలో సన్నటి పగుళ్లో కనబడితే ఆ డబ్బా ఇంటి గేటుకు వాడుకోవడమే.