షామియానాకి ముందు ఆటాడేవాళ్ళ లెక్క రాయి పాపా

పాపా,

మొన్న నువ్వు ఫోన్లో అడిగినప్పుడు నేను కుక్కర్ దించతా వుండాను, సరిగ్గా చెప్పలేకపోయినా. పైగా నువ్వొక మాట, నేనొక మాట, మధ్యలో మీ బెంగుళూరు హారన్లు. అందుకే కూర్చోని టైప్ చేస్తా వుండా, తప్పులుంటే నువ్వే సర్దుకో, ఈ ఫోను నేనొకటి కొడితే అదొకటి కొడతాది.

మన ధర్మరాజుల గుడి కాడ భారతం, అదే మధ్యాన్నం హరికథ, రాత్రి నాటకంతో 18 రోజులు జరిగే ఉత్సవం, ఆగిపోయి చానా ఏండ్లయింది, మళ్ళీ ఆడించాల, దుడ్లు ఎట్ల లేపేది పెద్దమ్మా అని గదా నువ్వడిగింది. కోప్పడొద్దు గానీ, మన ఊర్లో దుడ్లకి కరువు ఎప్పుడూ లేదు. వినాయక చవితికి డీజేకి, లైటింగుకి, మన ఎమ్మెల్యే మొహం కన్నా పెద్దగా మన పిలకాయల మొహాలేసుకున్న ఫ్లెక్సీలకి ఎంత పోస్తారో నువ్వే చూసినావు. భారతానికీ అట్లనే వచ్చేవి. పోయే వరసే తప్పు. షామియానా ఆయప్పకి ముందే అడ్వాన్సు, మైకు సెట్టుకి ముందే అడ్వాన్సు, సీరియల్ లైట్లకి ముందే, ఆఖరికి టపాకాయలకి కూడా ముందే. ఆటాడేవాళ్ళకి మాత్రం అన్నీ పోయినాక గిన్నెలో ఏం మిగిలిందో అది.

ఆఖరుసారి భారతం జరిగినప్పుడు నా కండ్లతో చూసింది చెప్తా. నిప్పుల్లో నడిచే అగ్నిగుండం అయిపోయి, మర్నాడు పట్టాభిషేకం కూడా అయిపోయింది. నేను పొద్దున్నే ఆర్డీ (ఊరోళ్ళు నెలనెలా కట్టే పొదుపు) కలెక్షన్‌కి బయల్దేరినా, గుడి వెనక బోరింగు కాడ ద్రౌపది వేషం కట్టే ఆయప్ప కూర్చోనుండాడు. యాభై దాటుంటాయి. కొబ్బరినూనె పూసి పాత పంచెతో మొహం రుద్దుకుంటా వుండాడు, రంగంతా పోయింది గానీ చెవుల వెనకాల, గడ్డం కింద ఎర్రగా అట్లనే వుండాది. పక్కన భుజకీర్తులు, కిరీటం పాత చీరలో మూట కట్టుండాయి. రాత్రంతా ఆయప్ప ఏడిస్తే మనూరి ఆడోళ్ళంతా ఏడ్చినారు. నన్ను చూసి లేచి నిలబడి, అమ్మా, ఎనిమిది గంటల బస్సుకి పోవాల, ఇంకా మూడు రాత్రుల లెక్క రావాల, కమిటీ పెద్దాయన ఫోను స్విచ్చాఫ్ వస్తా వుండాది అన్నాడు. నా చేతిలో బ్యాగు నిండా దుడ్లే. అన్నీ ఊరోళ్ళ ఆర్డీ దుడ్లు, ఒక్క నోటు ముట్టుకునేదానికి లేదు. ఇంటికి పోయి బియ్యం డబ్బాలో దాచుకున్నది తెచ్చిచ్చినా, అది ఒక రాత్రికి కూడా సరిపోలేదు. కమిటీవాళ్ళు ముందురోజు ఆ నాటకం బ్యాచ్ మొత్తానికి శాలువాలు కప్పి ఫోటోలు తీసుకున్నారు మళ్ళీ. శాలువా చూపిస్తే కండక్టరు టికెట్ కొడతాడా?

తర్వాత ఆ బ్యాచ్ మనూరికి రామని చెప్పేసింది. ఇంకో బ్యాచ్‌ని అడిగితే వాళ్ళకి అప్పటికే కథ తెలిసిపోయుండాది, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోరా ఏంది. అందరూ కరోనా వల్ల ఆగిందని చెప్పుకుంటారు. కరోనా పోయినాక చుట్టుపక్కల ఊర్లలో మళ్ళీ భారతానికి అర్జునుడు ఎక్కే తపస్సు మాన్లు లేచినాయి గదా మరి, మనూర్లోనే ఎందుకు లేవలేదో ఎవురూ అడగరు.

కాబట్టి నువ్వు కమిటీ పెట్టకముందే, వాట్సాప్ గ్రూపు పెట్టకముందే, నాటకం బ్యాచ్ కాడికి పోయి కూర్చో. ఎన్ని రాత్రులు ఆడతారు, ఎంతమంది వస్తారు, హార్మోనియం, మద్దెల, ముఖవీణ వాళ్ళతో కలిపి ఎంత, వ్యాను ఖర్చు ఎవరిది, తిండి ఎవరిది, అన్నీ నోటుబుక్కులో వాళ్ళ ముందరే రాయి. మధ్యాన్నం హరికథ చెప్పే భాగవతార్‌దీ, ఆయన పక్కవాయిద్యాలదీ వేరే లెక్క, దాన్ని నాటకం లెక్కలో కలపొద్దు. సగం మాట ఖాయమైన రోజే ఇయ్యి, మిగతాది అగ్నిగుండం రోజు పొద్దు గూకకముందే చేతిలో పడాల. ఆ దుడ్లు బ్యాంకులో పడినాకనే షామియానా గురించి ఆలోచించు. షామియానా లేకపోతే జనం ఆకాశం కింద కూర్చోని చూస్తారు, మేము చూడలేదా?

దుర్యోధనుడి బొమ్మ చేసే ఆయప్పని మర్చిపోతారు ఎప్పుడూ. పద్దెనిమిదోనాటి యుద్ధానికి అంత పొడుగు మట్టి బొమ్మని నేల మింద పండబెట్టి, మీసాలు తిప్పి, తొడ కాడ ఎర్రనీళ్ళ కుండ దాచి, రోజుల తరబడి ఎండలో చేస్తాడు. మట్టే గదా, ట్రాక్టరు మనమే తోలించినాం గదా అని చేతిలో వెయ్యో రెండువేలో పెట్టి పంపిస్తారు. భీముడు గద పెట్టి కొట్టినాక అది మళ్ళీ మట్టే, నిజమే. కూలి కూడా మట్టేనా?

ఇంగ దుడ్లు లేపేది. నేను ఇరవై ఏండ్లకి పైగా ఆర్డీలు కట్టించుకుంటా వుండా, మనుషులు ఎప్పుడు జేబులో చెయ్యి పెడతారో నాకు తెలుసు. ఒకేసారి 5,000 ఇమ్మంటే మొహం తిప్పుకుంటారు, నెలకి 100 అంటే నవ్వతా ఇస్తారు. 200 గడపలు అనుకో, నెలకి 20,000, ఏడాదికి 2,40,000. అది కూడా ఎప్పుడు అడగాలంటే, పాల బిల్లు పడిన రోజు. సాయంత్రం డైరీ కాడ క్యాన్లు దించేటప్పుడు అడిగితే ఇస్తారు, వారం పోయినాక అదే మనిషిని అడిగితే దాణాకి పోయింది, కరెంటు బిల్లుకి పోయింది అంటాడు, అబద్ధం కాదు, నిజంగానే పోయుంటాది. మామిడి తోటలుండేవాళ్ళని పంట ముందు అడిగి మాట తీసుకో, కాయ ఫ్యాక్టరీకి తోలి దుడ్లు పడినాక వసూలు చెయ్యి. తోతాపురి రేటు పడిపోయిన ఏడాది మాత్రం గుర్తు చెయ్యొద్దు, మళ్ళీ ఏడాదికి వాళ్ళే గుర్తుపెట్టుకోని ఇస్తారు.

పెద్ద మొత్తాలకి మన పాత ఉభయం పద్ధతే మంచిది. ఉభయం అంటే ఒక రోజు ఖర్చు ఒకరు మోసేది, రోజుకొక ఉభయదారు. ద్రౌపదీ కల్యాణం ఒకరిది, బకాసుర వధ ఒకరిది, తపస్సు ఒకరిది, ఇట్ల 18 రోజులూ పంచేయాల. నువ్వు చెప్పిన ఆన్‌లైన్ లింకులో ఎంత నింపినా ఇచ్చినోడికి అది యాడ పోయిందో కనపడదు, ఉభయం అయితే ఇది మా నాయన పేరున మేమిచ్చిన రాత్రి అని పిలకాయలకి చూపిస్తాడు. కువైట్‌లో వుండే మనోళ్ళకి, మీ బెంగుళూరోళ్ళకి లింకు పెట్టుకో, వద్దన్లేదు, కానీ వాళ్ళకీ ఒక రోజు రాసియ్యి, ఆ రాత్రి వీడియో కాల్ పెట్టి వాళ్ళ పేరు స్టేజీ మింద చదివేది చూపించు. ఒక ఇల్లు మోయలేకపోతే నాలుగిండ్లు కలిసి ఒక రోజు తీసుకోనీ, వీధి పేరున రాయి, కులం పేరున రాయొద్దు. ఆ కట్టు ఒకసారి పడితే విప్పేది నీ తరం కాదు, నా తరమూ కాలేదు.

ఒకే పెద్దమనిషి వచ్చి మొత్తం నేనే పెట్టుకుంటా అంటే మాత్రం దండం పెట్టి ఒక్క రోజు ఇయ్యి. మనకొకసారి అట్ల జరిగింది, పేరెందుకులే. అంతా నాదే అన్నాడు, ఊరోళ్ళంతా జేబులు మూసేసుకున్నారు, ఆట మధ్యలో ఆపి గంటసేపు ఉపన్యాసం చెప్పినాడు, ఆడ అర్జునుడు మాను మింద వేలాడతా వుండాడు పాపం, కింద పిల్లల కోసం మొక్కుకున్న ఆడోళ్ళు తడిగుడ్డల్తో పండుకోనుండారు, ఈయన మైకు వదల్లేదు. చెప్పిన దుడ్లలో సగం కూడా రాలేదు తర్వాత.

చదివింపులు సంగతి ముందే తేల్చుకో. ఆట మధ్యలో జనం వేషగాళ్ళకిచ్చే నూటపదహార్లు ఎవరివి? మన కమిటీ దాన్ని కూడా మాట్లాడిన లెక్కలో కోసుకునేది, నాకు అదెప్పుడూ నచ్చలేదు. అది ఆడినోడిది.

సొసైటీ రిజిస్ట్రేషన్ గురించి అడిగినావు. 2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద చెయ్యి, కనీసం 7 మంది కావాల, ఏడుగురిలో ఇద్దరన్నా ఆడోళ్ళుండాల అనేది చట్టం కాదు, నా మాట. గుడితో కలపకుండా కళల కోసమని వేరేగా పెట్టు. ఎందుకంటే దాతలకి పన్ను మినహాయింపు వచ్చేదానికి 80జీ తెచ్చుకుంటావు గదా, అది వచ్చిన సంస్థ ఏడాది ఆదాయంలో 5 శాతానికి మించి మతం ఖర్చుకి పెట్టకూడదు. అగ్నిగుండం కట్టెలు, పూజలు, ప్రసాదాలు గుడి లెక్క. నాటకం, హరికథ, వాయిద్యాలు సొసైటీ లెక్క, రెండు నోటుబుక్కులు. ఇంకోటి, 2,000 దాటి క్యాష్‌గా ఇస్తే ఇచ్చినోడికి ఆ మినహాయింపు రాదు, ముందే చెప్పు, తర్వాత రసీదు పట్టుకోని నీ మింద పడతారు. ఆడిటర్‌ని చిత్తూర్లోనే చూసుకో, బెంగుళూరు ఆడిటర్ ఫీజుకి ఒక రాత్రి ఆట ఆడించొచ్చు.

సీఎస్సార్ సీఎస్సార్ అని మీ పిలకాయలంతా అంటా వుంటారు. అదే, కంపెనీలు లాభంలో కొంత సమాజం పనులకి పెట్టాలనే చట్టం, అన్ని కంపెనీలకీ వర్తించదు. లాభం 5 కోట్లన్నా, టర్నోవర్ 1000 కోట్లన్నా, నెట్‌వర్త్ 500 కోట్లన్నా, ఈ మూడిట్లో ఒకటుండాల. మన పక్క మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు చానా వరకూ ఆ లెక్కలోకి రావు, వాళ్ళ కాడికి పోయి సీఎస్సార్ అంటే బిత్తరపోతారు. ఉభయం అను, అర్థమైతాది. శ్రీసిటీ పక్క పెద్ద కంపెనీల్లో నీకు తెలిసినోళ్ళుంటే అప్పుడు అడుగు, ఆ జాబితాలో కళలూ సంస్కృతీ వుండాయి, కాకపోతే నీ సొసైటీకి ఆ దుడ్లు తీసుకునేదానికి సీఎస్సార్-1 అనే రిజిస్ట్రేషన్ వుండాల ముందు.

ఆటాడేవాళ్ళలో 60 దాటినోళ్ళుంటే కేంద్రం సాంస్కృతిక శాఖ ఇచ్చే పింఛను వుండాది, నెలకి 6,000 దాకా. ఆ అప్లికేషన్లు వాళ్ళతో అయ్యేపని కాదు, నీకు లాప్‌టాప్ వుండాది గదా, భారతం అయిపోయేలోపల ఇద్దరు ముగ్గురివన్నా కూర్చోని నింపు. ఆదాయం సర్టిఫికెట్టు, పాత ఫోటోలు, పేపర్ కటింగులు అడుగుతారు. మన కమిటీ రాసిచ్చే కాగితం కూడా పనికొస్తాది, అందుకే ప్రతి ఏడాదీ ఎవురు ఏ వేషం కట్టినారో లెటర్‌హెడ్ మింద రాసి చేతికియ్యి. శాలువా డబ్బుల్తో ఇది చేసుంటే ఆ ద్రౌపది ఆయప్పకి ఎంత బాగుండేది.

మైకు పర్మిషన్ గురించి జాగ్రత్త. రాత్రి 10 నించి పొద్దున 6 దాకా మైకు పెట్టకూడదు, పండగలకని ప్రభుత్వం సడలింపు ఇచ్చినా 12 దాకానే, అదీ ఏడాదికి 15 రోజులకి మించకూడదు. మన ఆటేమో తెల్లారేదాకా, రోజులేమో 18. ఒకరిద్దరు కంప్లైంటిస్తే ఎస్సై వచ్చి ఆపేస్తాడు, ఆయన తప్పు కాదు. బ్యాచ్‌ని ఎనిమిదికే మొదలుపెట్టమను, సడలింపు వుండే రోజు 12కి, లేని రోజు 10కి మైకు తీసేసి జనాన్ని దగ్గరికి జరిపి కూర్చోబెట్టు. మా చిన్నప్పుడు అట్లనే ఆడేవాళ్ళు, ముఖవీణ చెరువు కట్ట దాకా వినపడేది. ఇప్పుడు వాళ్ళకి గొంతులు అలవాటు తప్పినాయి, కష్టమంటారు, అడిగి చూడు.

ఆటాడేవాళ్ళ పడకకి స్కూలు బిల్డింగు అడుగు, ఎండాకాలం సెలవులే గదా. ఇప్పుడు ఆడవేషాలకి ఆడోళ్ళే వస్తా వుండారు కొన్ని బ్యాచుల్లో, వాళ్ళకి గడియ పడే రూము, బాత్రూము నువ్వే స్వయంగా పోయి చూడు, మగోళ్ళని నమ్మి వదిలెయ్యొద్దు.

మన పిలకాయల్ని స్టేజీ మింద ఏం చెయ్యనిస్తావు అనేది నీ ఇష్టం. నాకైతే రోజూ ముందు అరగంట కోలాటం పిల్లలకిస్తే చాలు, వాళ్ళమ్మలు, అవ్వలు కోలాటం చూసేదానికొచ్చి ఆట దాకా కూర్చుంటారు. రేపల్లెలో పుట్టిన సినిమా యాక్టర్ నాగయ్య గారి పేరుకి చిత్తూరు ఎట్ల అతుక్కుంది అనుకుంటావు, ఈడ రామ విలాస సభ నాటకాల్లో ఆడబట్టే గదా.

లెక్కలు ఏ వారానికి ఆ వారం గుడి గోడకి అంటించు. వాట్సాప్‌లో పీడీఎఫ్ పెడితే ఎవురూ తెరవరు. గోడ కాడ నిలబడి చదువుతారు, తప్పులు పడతారు, నన్ను ఒకసారి 40 రూపాయల కర్పూరం కాడ పట్టుకున్నారు, రెండుసార్లు రాసేసినా, కొట్టేసి పక్కన సంతకం పెట్టినా. దాని తర్వాతే ఇద్దరు ముగ్గురు అడక్కుండా వచ్చి 500, 1,000 ఇచ్చిపోయినారు.

వచ్చే ఆదివారం వస్తానన్నావు గదా, ఊరుబిండి చేసి పెడతా, సంగటి వేడివేడిగా తిందాం, తిన్నాక బ్యాచ్ మేనేజర్ ఇంటికి పోదాం. ఆ ద్రౌపది ఆయప్పకి రావాల్సిన పాత బాకీ ముందు తీర్చాల, లేకపోతే నేను ఆ గడప తొక్కలేను. నోటుబుక్కు కొత్తది తే, 200 పేజీలది. ఉభయాలు రాసేటప్పుడు కల్యాణం, తపస్సు, పట్టాభిషేకం ఎగబడి తీసుకుంటారు, పద్మవ్యూహం రోజు అభిమన్యుడు చచ్చిపోతాడని మనూర్లో ఎవురూ తీసుకోరు, అది ఎప్పుడూ ఖాళీగానే వుంటాది. దానికి నా పేరు రాసి పెట్టుకో.

మీ పెద్దమ్మ