బుజ్జీ, ఆ చిన్న బిళ్లలు కొనేముందు

బుజ్జీ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి నువ్వు నెలనెలా జీతంలోంచి కొంత తీసి విదేశీ బంగారు బిళ్లలు పోగుచెయ్యాలనుకుంటున్నావని చెప్పింది. "నగ చేయించుకోమంటే వినదు, వేలిగోరంత బిళ్లలట, వాటి మీద గుర్రం బొమ్మట" అని ఫిర్యాదులాగే చెప్పింది. నాకు మాత్రం ముందు సంతోషం వేసింది. గుంటూరులో గోల్డ్ లోన్ కౌంటర్లో కూర్చున్నంతకాలం ఆడవాళ్ల గొలుసులూ గాజులూ మగవాళ్ల అవసరాలకు కాటా ఎక్కడం చూస్తూనే ఉన్నాను. మన ఇంటి పిల్ల తన సంపాదనతో, తన పేరు మీద బిల్లు రాయించుకుని బంగారం కొంటానంటే గర్వంగా ఉండదూ? ఆ రాత్రే టెన్షన్ కూడా పట్టుకుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. ఫోన్‌లో వచ్చింది కదా అని పైపైన చూసి వదిలెయ్యకు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. బిల్లు లేకుండా కొనకు. ప్లాస్టిక్ డబ్బీలోంచి బయటికి తియ్యకు, తీయాల్సి వస్తే అంచులు పట్టుకో. మెరుపు తగ్గిందని మెత్తటి గుడ్డతో కూడా తుడవకు, మేలిమి బంగారం మెత్తన, పడిన గీత మళ్లీ పోదు. పీవీసీ కవర్లలో పెట్టకు. స్టేటస్‌లో ఫొటోలు అసలే వద్దు. సింగపూర్ వెళ్లే ఫ్రెండ్ చేత తెప్పించుకుందామని అనుకుంటున్నావేమో, విమానంలో వచ్చేవాళ్లకు సుంకం లేకుండా వదిలే కొద్దిపాటి బంగారం నగలకు మాత్రమే, బిళ్లలకూ బిస్కెట్లకూ ఆ వెసులుబాటు లేదు. పాపం ఆ పిల్లని కస్టమ్స్ దగ్గర నిలబెట్టకు.

ఇక లిమిటెడ్ అనే మాట. అమ్మేవాళ్లు ఈ మాట చాలా చనువుగా వాడతారు. నీకు నచ్చిన ఆ పెర్త్ మింట్ లూనార్ బిళ్లలే తీసుకో, ఆస్ట్రేలియా టంకశాలవి, చైనా పంచాంగం ప్రకారం ఏటికో జంతువు బొమ్మ, పన్నెండేళ్లకో వరస. 2008 నుంచి 2019 దాకా వచ్చింది రెండో వరస, 2020లో ఎలుకతో మొదలైంది మూడోది, 2026ది గుర్రం. అందులో ఒక ఔన్సు, అంటే సుమారు 31 గ్రాముల, బంగారు బిళ్లకు 30,000 అని పైహద్దు ఉంది. నువ్వు కొనబోయే ఔన్సులో ఇరవయ్యో వంతు, పదో వంతు బిళ్లలకు అలాంటి అంకె ముందుగా ఉండదు, ఏడాది చివర ముద్రణ ఆపేసి అప్పుడు ఎన్ని తయారయ్యాయో చెబుతారు. పెద్దదాని హద్దు చూపించి చిన్నది అమ్మేవాడి దగ్గర ఆగి అడుగు: "ఈ సైజుకు ఎంత?" అని. ఇంకో సంగతి, తక్కువ ముద్రించారంటే ధర వస్తుందని కాదు, దాన్ని కావాలనుకునేవాళ్లు ఉండాలి. మన యార్డులో ఎంత మంచి రకం మిర్చి అయినా కొనేవాడు వచ్చి బస్తాలో చెయ్యి పెడితేనే కదా దానికి రేటు.

చిన్న బిళ్లకు గ్రాముకు పడే ధర ఎప్పుడూ ఎక్కువ. ముద్రించే ఖర్చు పెద్దదానికీ చిన్నదానికీ దాదాపు ఒకటే, అది ఒకటిన్నర గ్రాము మీద పడితే ఎలా ఉంటుందో నువ్వే చూడు. వంద రూపాయల బంగారానికి 20 రూపాయలు ఎక్కువ ఇచ్చి కొన్నావనుకో, దాని మీద 3 శాతం జీఎస్టీ కలిపితే 123 రూపాయల 60 పైసలు. మర్నాడే అమ్మితే కొట్టువాడు రెండు రూపాయలు తీసుకుని 98 చేతిలో పెడతాడు. అంటే బంగారం ధర దాదాపు 26 శాతం పెరిగితే గానీ నీ డబ్బు నీకు రాదు. ఈ లెక్క ఒక కాగితం మీద వేసుకుని, అయినా సరే అనిపిస్తే కొను. అనిపిస్తుంది కూడా, నీ సంగతి నాకు తెలుసు.

ఇప్పుడు మా బావగారి సంగతి చెప్పాలి. మీ పెదనాన్న వాళ్ల అన్నయ్య, బ్రాడీపేటలో ఉండేవారు, నీకు చిన్నప్పుడు పాత స్టాంపులు ఇచ్చారే, ఆయన. రైల్వేలో రిటైరయ్యాక ఈ లూనార్ బిళ్లలే పట్టుకున్నారు. వేరే ఊళ్లో ఒక వ్యాపారి దగ్గర, రెండో వరస మొదటినుంచీ, ఏటా ఇరవయ్యో వంతు ఔన్సు బిళ్ల ఒకటి. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు అలా వరసగా. పన్నెండు పూర్తిచెయ్యాలని ఆయన ఆశ. మనవడికి ఇస్తారట. భోజనాలయ్యాక పెట్టె తెచ్చి భూతద్దం నా చేతికిచ్చి, "డ్రాగన్ పొలుసులు చూడమ్మా, ఎంత సన్నగా చెక్కాడో" అనేవారు. ఆ డ్రాగన్ 2012ది, కలెక్టర్లు ఎగబడే బొమ్మ. నేను చూసేదాన్ని, బాగుందండీ అనేదాన్ని. ఇంతకంటే ఎవరం ఏమీ అడగలేదు.

2018లో ఆయనకు గుండెనొప్పి వచ్చింది. స్టెంట్ వెయ్యాలి, వెంటనే అడ్వాన్స్ కట్టండి అన్నారు. పెన్షన్ డబ్బు అప్పటికే ఏవో రిపేర్లకు అయిపోయింది, కొడుకు పంపిన డబ్బు రావడానికి ఒకరోజు పడుతుంది, నేనూ మీ పెదనాన్నా తిరుపతిలో ఉన్నాం, ఫోన్లు క్లోక్‌రూంలో. మా తోడికోడలికి బీరువాలో ఆ పెట్టె కనబడింది. బంగారమేగా అనుకుంది. లాలాపేటలో ఒక కొట్టుకు తీసుకెళ్లింది. అతను ఒక్కొక్క డబ్బీ స్క్రూడ్రైవర్‌తో తెరిచి, బిళ్లలు కాటాలో పోసి, రెండింటిని గీటురాయి మీద గీసి, అన్నీ కలిపి తూచాడు. పది బిళ్లలు, పదిహేనున్నర గ్రాములు. రెండు కాసులు కూడా లేవు. కరిగింపులో పోయేదానికి కొంత తీసేసి, మిగిలినదానికి ఆరోజు రేటు కట్టి డబ్బిచ్చాడు. అతను మోసం చేశాడని నేను అనను, అతనికి తెలిసింది బరువూ బంగారం నాణ్యతా, అతను చేసే వ్యాపారం అదే. ఆవిడా తప్పు చెయ్యలేదు, భర్తను బతికించుకుంది.

తప్పు అంతకుముందే జరిగింది. ఆ బిళ్లలు ఎక్కువ ధరకు తీసుకునే నాణేల స్నేహితులు బావగారికి విజయవాడలోనే ఉన్నారు. వాళ్ల నంబర్లు ఆయన ఫోన్‌లో ఉన్నాయి, ఫోన్‌కు లాక్ ఉంది, ఆయన ఐసీయూలో ఉన్నారు. బిల్లులు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. ఏ బిళ్ల ఎంతకు కొన్నారో, ఏది ఎవరికి కావాలో ఒక్క ముక్క ఎక్కడా రాసిపెట్టలేదు. అన్నిటికంటే ఘోరం, ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తే చేతికందే డబ్బంటూ విడిగా లేదు, ఉన్నదంతా ఇష్టమైన వస్తువుగా మారిపోయింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారే, ఆ మాట నాకు ఆ సంవత్సరమే పూర్తిగా అర్థమైంది. ఇంటికొచ్చిన నాలుగో రోజున ఆయన పెట్టె అడిగారు. ఆవిడ చెప్పింది. ఆవిణ్ని ఒక్క మాట అనలేదు. కుక్క బిళ్లా పంది బిళ్లా మరి కొననూ లేదు, మనవడికి కడియం చేయిస్తే చాలన్నారు.

అందుకే బుజ్జీ, నీ జీతంలో ఆరు నెలల ఖర్చు బ్యాంకులో వేరేగా పడేదాకా ఒక్క బిళ్ల కూడా కొనకు. ఇది సలహా కాదు, పెద్దమ్మగా చెబుతున్నాను, కొనకు. ఏదైనా అయితే బ్యాంకులో తాకట్టు పెడతాననకు. నాణేల మీద అప్పుకు 50 గ్రాముల హద్దు ఉంది, అదీ బంగారం బరువుకే విలువ కడతారు, డ్రాగన్ పొలుసులకు కట్టరు. విదేశీ బిళ్ల చూస్తే మా అప్రైజర్లే తటపటాయించేవాళ్లు. ఇంకోటి, బ్యాంకు నీకు నాణెం అమ్మగలదు గానీ తిరిగి కొనకూడదు, రిజర్వ్ బ్యాంకు నిబంధన అది. ఈ మాట కొనేవాళ్లకు కౌంటర్లో ఎన్నిసార్లు చెప్పినా, నాలుగేళ్లకు అదే నాణెం పట్టుకుని మొహం చిన్నబుచ్చుకుని వచ్చేవాళ్లు.

కొనేముందే తిరిగి కొనేవాళ్లను వెతుక్కో. విజయవాడ వన్‌టౌన్‌లోనో గవర్నర్‌పేటలోనో పది కొట్లెక్కి, "ఇలాంటిది నేను తెస్తే డబ్బీ తెరవకుండా తీసుకుంటారా?" అని అడుగు. తొమ్మిది మంది కాదంటారు, పదో మనిషి పేరు రాసుకో. నాణేల ఎగ్జిబిషన్లు జరిగితే వెళ్లు, కొనడానికి కాదు, అక్కడ ఎవరు దేన్ని ఎంతకు కొంటున్నారో చూడటానికి.

నన్నడిగితే సగం డబ్బు సావరిన్లలో, అంటే బ్రిటిష్ బంగారు నాణేల్లో, పెట్టమంటాను. 7.98 గ్రాములు, 22 క్యారెట్లు, మన కాసు బరువే, ఏ కొట్టువాడికైనా చేతికి అలవాటైన వస్తువు. సరదా కావాలంటే అందులోనూ ఉంది. 1918లో బొంబాయిలో సుమారు 13 లక్షల సావరిన్లు ముద్రించారు, సంవత్సరం అంకెకు కాస్త పైన, బొమ్మ కింద ఉండే నేల గీత మీద సన్నగా ఇంగ్లిష్ ఐ అక్షరం ఉంటుంది. 2013 నుంచి ఎంఎంటీసీ-పాంప్ అనే కంపెనీవాళ్లు మన దేశంలో కొట్టినవాటి మీదా ఆ అక్షరమే. అమ్మమ్మ కాసులపేరులో అలాంటిది ఒకటి ఉండేది. చిన్నప్పుడు నేనూ మీ అమ్మా దాన్ని దీపం దగ్గర పెట్టి ఆ అక్షరం వెతికేవాళ్లం, ముందు కనిపెట్టినవాళ్లకు ఆ పూట కాసులపేరు మెడలో వేసుకునే హక్కు. కొక్కెం టంకం పెట్టి అతికించిన కాసు కాబట్టి కలెక్టర్లకు పనికిరాదు, బరువుకే ధర. నువ్వు కొనేటప్పుడు అంచున టంకం గుర్తులు ఉన్నాయేమో చూడు.

బొమ్మ ఏటా మారేది కావాలంటే చైనా పాండా బిళ్లలు కూడా చూడు. 2016 నుంచి ఔన్సులు వదిలి గ్రాముల్లోకి వచ్చారు, 1, 3, 8, 15, 30. ఎనిమిది గ్రాములది మన కాసుకు సరిగ్గా సరిపోతుంది, కాకపోతే మేలిమి. అమెరికా ఈగిల్, దక్షిణాఫ్రికా క్రూగర్‌రాండ్ 22 క్యారెట్లవి, ఔన్సులో పదో వంతు బిళ్ల కాటా మీద 3.39 గ్రాములు తూగుతుంది, అందులో అసలు బంగారం 3.11. కంగారుపడకు. ఒక్క కాటానే నమ్మకు కూడా, నకిలీల లోపల పెట్టే టంగ్‌స్టన్ లోహం సాంద్రత బంగారానికి చాలా దగ్గర, బరువుతో పాటు వెడల్పూ మందమూ కొలిపించు, అవి సరిపోయినా లోపలి లోహాన్ని పరీక్షించే మెషిన్ మీద పెట్టించు.

పన్ను సంగతి రెండు ముక్కలు. 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం, అంతకుముందైతే నీ శ్లాబు ప్రకారం. కొన్న తేదీ బిల్లుతోనే రుజువవుతుంది.

నీకు కోపం వస్తోందేమో, ఇంత భయపెడుతోందేమిటి పెద్దమ్మ అని. భయపెట్టాలని కాదమ్మా. పదో తరగతిలో నువ్వు దాచుకున్న డబ్బంతా పెట్టి మీ నాన్నకు వాచీ కొని, తర్వాత బస్సు పాస్‌కు డబ్బుల్లేక నడిచి వెళ్లావు చూడు, అది నాకు గుర్తొస్తూ ఉంటుంది. ఇష్టపడితే నీకు మిగుల్చుకోవడం తెలియదు. పన్నెండు బిళ్లలూ పూర్తిచెయ్యి, నాకూ చూడాలని ఉంది.

ఈ వారం చెయ్యాల్సింది ఇది. ఒక నోటుబుక్ పెట్టు, బిళ్ల పేరు, సంవత్సరం, బరువు, కొన్న ధర, ఎక్కడ కొన్నావు, ఎవరికి అమ్మాలి, వాళ్ల నంబరు, అన్నీ తెలుగులో రాయి, మీ అమ్మకు చదవడం రావాలి. లాకర్‌కు నామినీ ఫారం నింపి రసీదు ఫొటో నాకు పంపు. గుర్రం బిళ్ల కొనడానికి ఆదివారం వెళ్లేట్టయితే చెప్పు, గుంటూరు నుంచి పొద్దున్నే బయల్దేరి వస్తాను, ఇద్దరం కలిసి వెళదాం.

పెద్దమ్మ